కోటి రికార్డులు తీసేసినా డిస్క్ ఖాళీ కాదెందుకు? పెద్ద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని మెయింటెయిన్ చేసే పద్ధతి

కొన్నేళ్ళ కిందట ఒక పార్సిల్ సర్వీసు వాళ్ళ డేటాబేస్ చూసుకునే పని నాది. ఒక రాత్రి డిస్క్ 97 శాతం నిండిందని అలర్ట్ వచ్చింది. రెండేళ్ళ కిందటి ట్రాకింగ్ రికార్డులు ఎవరికి కావాలి అనుకుని, ఒకే ఒక్క డిలీట్ కమాండ్‌తో అన్నీ లేపేశాను. మూడు గంటలు నడిచింది. అయిపోయాక చూసుకుంటే డిస్క్ 98 శాతం! తగ్గకపోతే పోయె, ఇంకో శాతం పెరిగింది. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది.

అలా ఎందుకైందో అర్థమైతే మిగతా పద్ధతంతా దానంతట అదే అర్థమవుతుంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఒక్క మాట, సెట్టింగుల పేర్లు తెలుగులో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోండి.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే ఉన్న రికార్డుని దిద్దడం కాదు. కిరాణా కొట్టాయన పద్దు పుస్తకం చూశారుగా, పాత బాకీని రబ్బరు పెట్టి చెరపడు, దాని మీద గీత కొట్టి కింద కొత్త లైను రాస్తాడు. అచ్చం అదే. 1986లో బర్కిలీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ బృందం మొదలుపెట్టినప్పటి నుంచీ పాతదాని మీద కొత్తది రాయకూడదన్నదే దీని పద్ధతి. డిలీట్ అంటే ఉత్త గీత, అప్‌డేట్ అంటే గీత ప్లస్ కొత్త లైను. ఆ గీత కొట్టిన లైను ఎందుకు ఉంచుతుందంటే, అదే నిమిషంలో ఇంకెవరో ఒక పెద్ద రిపోర్టు నడుపుతూ ఉండొచ్చు, వాళ్ళకి వాళ్ళు మొదలుపెట్టినప్పటి లెక్కే కనబడాలి. ఇందువల్ల రాసేవాళ్ళు చదివేవాళ్ళకి అడ్డం రారు, అది పెద్ద సుఖం. కష్టమల్లా గీత కొట్టిన లైన్లు పేరుకుపోవడం. పైగా ప్రతి మార్పూ ముందు వాల్ అనే లాగ్ ఫైల్లోకి ఎక్కాలి, నా డిస్క్ ఒక శాతం పెరిగింది అందుకే.

ఈ చచ్చిన లైన్లని తీసేది వ్యాక్యూమ్. ఇక్కడే చాలామంది పొరబడతారు. వ్యాక్యూమ్ గదులు ఊడ్చి టు-లెట్ బోర్డు పెడుతుంది, అంతే. కొత్త రికార్డులు వచ్చి ఆ గదుల్లో దిగుతాయి, కానీ బిల్డింగ్ ఎత్తు తగ్గదు. టేబుల్ ఫైలు చివర ఉన్న పేజీలు (ఫైల్లోని 8 కేబీ ముక్కలు) పూర్తిగా ఖాళీ అయితే మాత్రం పైఅంతస్తు తీసేసినట్టు ఆ కాస్త జాగా ఆపరేటింగ్ సిస్టంకి తిరిగిస్తుంది. నిజంగా మొత్తం చిన్నది చెయ్యాలంటే వ్యాక్యూమ్ ఫుల్ ఉంది, అది బిల్డింగ్ కూలగొట్టి పక్కన చిన్నది కొత్తగా కట్టడం లాంటిది. కట్టినంతసేపూ జనం రోడ్డు మీదే, సెలెక్ట్ క్వెరీ కూడా నడవదు, పైగా కొత్తది కట్టడానికి డిస్క్‌లో అదనంగా చోటు కావాలి. 98 శాతం నిండిన డిస్క్ మీద దాన్ని నడపబోయిన మహానుభావుణ్ణి నేనే, మధ్యలో చోటు చాలక ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది.

కాబట్టి మొదటి పని, ఆటోవ్యాక్యూమ్‌ని, అంటే వ్యాక్యూమ్‌ని తనంతట తానే నడిపే ఏర్పాటుని, మీ టేబుళ్ళకి సరిపడా మార్చుకోవడం. ఎప్పుడు ఊడవాలో అది ఒక లెక్క వేసుకుంటుంది: 50 రికార్డులు, దాని మీద టేబుల్లో ఉన్నవాటిలో 20 శాతం. పది వేల రికార్డుల టేబుల్‌కి ఇది బ్రహ్మాండం. పది కోట్ల రికార్డులున్న టేబుల్‌కి వేసి చూడండి, రెండు కోట్ల చచ్చిన లైన్లు పోగుపడేదాకా అది నిద్ర లేవదు. ఒక్కో రికార్డు 200 బైట్లనుకున్నా 4 జీబీ చెత్త, ఇండెక్సులు (రికార్డుని త్వరగా వెతికిపెట్టే జాబితాలు) కాక. పెద్ద టేబుళ్ళకి మాత్రం విడిగా, ఆల్టర్ టేబుల్ సెట్‌తో, ఆటోవ్యాక్యూమ్ వ్యాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్ 0.01 పెట్టండి, ఇంకా పెద్దవైతే 0.005. దాని తోడుగా అనలైజ్ (టేబుల్ గణాంకాలు కొత్తగా లెక్కవేసే పని) స్కేల్ ఫ్యాక్టర్ కూడా తగ్గించండి, లేకపోతే పాత అంచనాలతో ప్లానర్, అంటే క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం, తప్పు దారి పట్టి, ఇండెక్స్ ఉన్నా టేబులంతా చదువుతూ కూర్చుంటుంది. మొత్తం సర్వర్‌కి ఒకే విలువ మార్చేయకండి, చిన్న టేబుళ్ళని ఊరికే ఊడవడం తప్ప ఒరిగేది లేదు.

తరవాత దాని వేగం. ఆటోవ్యాక్యూమ్ మామూలుగా కాస్త పని చేసి కాస్త ఆగుతూ నడుస్తుంది, మీ అసలు క్వెరీలకి ఇబ్బంది కలగకూడదని. ఒక్కో విడతకి కాస్ట్ లిమిట్ (చేసే పనికి వేసుకునే పాయింట్ల కోటా) 200, మధ్యలో 2 మిల్లీసెకన్ల విరామం (వెర్షన్ 12కి ముందు అది 20, పాత సర్వర్లలో వ్యాక్యూమ్ నత్తనడక నడిచేది అందుకే). మనవాళ్ళు సాధారణంగా వర్కర్లని (ఊడ్చే పని చేసే ప్రాసెస్‌లని) మూడు నుంచి పదికి పెంచేసి, అయినా తేడా లేదేంటని తలపట్టుకుంటారు. ఆ 200 అనే కోటా వర్కర్లందరూ కలిసి పంచుకునేది బాబూ. మనుషుల్ని పెంచి కూలి డబ్బులు అవే ఉంచితే పని పెరుగుతుందా? ముందు కాస్ట్ లిమిట్‌ని వెయ్యికో రెండు వేలకో పెంచండి, ఎస్ఎస్‌డీ డిస్కులు దాన్ని సునాయాసంగా భరిస్తాయి, ఆ తరవాత కావాలంటే వర్కర్ల సంగతి చూడండి. మెయింటెనెన్స్ వర్క్ మెమ్ కూడా డిఫాల్ట్‌గా 64 ఎంబీయే, 1 జీబీ దాకా ఇవ్వండి, లేకపోతే చచ్చిన లైన్ల జాబితా ఆ మెమరీలో పట్టక ఇండెక్సులన్నిటినీ మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి చదవాల్సొస్తుంది. వెర్షన్ 17లో ఆ జాబితా దాచే పద్ధతే మార్చారు, అక్కడ ఈ బాధ చాలా తగ్గింది.

ఆటోవ్యాక్యూమ్ సర్వర్‌ని స్లో చేస్తోందని ఎవరైనా దాన్ని ఆఫ్ చెయ్యమంటే ఒప్పుకోకండి. ఎందుకో కింద చెప్తాను.

ఇన్ని మార్చినా చెత్త తగ్గడం లేదా? అయితే ఎక్కడో ఎవరో ఒక ట్రాన్సాక్షన్ (బిగిన్‌తో మొదలై కమిట్‌తో ముగిసే పని) తెరిచి వదిలేశారు. నా అనుభవంలో పదింట ఏడుసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. ఎవరో పొద్దున్న ల్యాప్‌టాప్‌లో బిగిన్ అని కొట్టి, ఒక అప్‌డేట్ వేసి, టీకి వెళ్ళి, అటు నుంచి అటే మీటింగుకి వెళ్ళిపోతారు. వాళ్ళు చూస్తారేమో అని ఆ క్షణం నుంచి ఆ డేటాబేస్‌లో గీత కొట్టిన ప్రతి లైనునీ పోస్ట్‌గ్రెస్ దాచి పెడుతుంది, వాళ్ళు ముట్టుకోని టేబుళ్ళలో కూడా. వ్యాక్యూమ్ వస్తుంది, చూస్తుంది, ఏమీ తియ్యలేక వెళ్ళిపోతుంది, నిమిషం ఆగి మళ్ళీ వస్తుంది. పీజీ స్టాట్ యాక్టివిటీలో (ఇప్పుడు ఎవరేం నడుపుతున్నారో చూపే పట్టిక) ఎక్స్‌యాక్ట్ స్టార్ట్ (xact_start) కాలమ్ ప్రకారం పాతవి పైకి వచ్చేలా పెట్టి చూస్తే మనిషి దొరికిపోతాడు. శాశ్వత మందు ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్. ఇది 9.6 నుంచీ ఉంది, కానీ డిఫాల్ట్ సున్నా, అంటే ఎప్పటికీ తెంపదు. నేను ఐదు నిమిషాలు పెడతాను. మొదటి వారం డెవలపర్లు తిడతారు, తరవాత అలవాటు పడతారు.

అక్కడా ఎవరూ దొరక్కపోతే ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్లు (కాపీ సర్వర్ ఎక్కడిదాకా చదివిందో గుర్తుంచుకునేవి), కమిట్ చెయ్యకుండా వదిలేసిన ప్రిపేర్డ్ (రెండు దశల్లో కమిట్ చేసే) ట్రాన్సాక్షన్లు చూడండి. స్లాట్ మరీ ప్రమాదం, అవతలి సర్వర్ తీసేసి స్లాట్ మర్చిపోతే, వాడొచ్చి అడుగుతాడని వాల్ ఫైళ్ళన్నీ దాచుకుంటూ డిస్క్ నింపేస్తుంది. మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ పెట్టి హద్దు గియ్యండి, డిఫాల్ట్‌గా హద్దు లేదు.

ఇక టేబుల్ ఎలా కట్టుకోవాలన్నది. నిజానికి ఇది ముందు చెప్పాలి, కానీ మనలో ఎక్కువమందికి కట్టేసిన ఇల్లే చేతికొస్తుంది కదా.

రోజూ లక్షల్లో వచ్చిపడే డేటా, కొన్నాళ్ళయ్యాక అక్కర్లేని డేటా, ట్రాకింగ్ ఈవెంట్లు, లాగులు, సెన్సార్ రీడింగులు, ఇలాంటివాటికి డిలీట్ అనే మాటే ఉండకూడదు. టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టి నెలకో పార్టిషన్ చెయ్యండి, మరీ ఎక్కువైతే రోజుకొకటి. పాత నెల వద్దనుకుంటే ఆ పార్టిషన్‌ని డ్రాప్ చెయ్యడమే, ఫైలు మొత్తం పోతుంది, డిస్క్ వెంటనే ఖాళీ అవుతుంది, వ్యాక్యూమ్ ఊసే లేదు. నేను మూడు గంటలు చేసి చెడగొట్టుకున్న పని ఒక్క సెకనులో అయిపోయేది. వెర్షన్ 10 నుంచి, అంటే 2017 నుంచి, ఇది డేటాబేస్‌లోనే తేలికగా చెయ్యొచ్చు. మూడు చోట్ల జాగ్రత్త. ప్రైమరీ కీలో (ఒక్కో రికార్డుని గుర్తుపట్టే కాలమ్‌లలో) తేదీ కాలమ్ కూడా ఉండి తీరాలి, పాత టేబుల్‌ని మార్చేటప్పుడు గొడవంతా దీని దగ్గరే. వచ్చే నెల పార్టిషన్ ముందే తయారుగా లేకపోతే ఒకటో తారీకు అర్ధరాత్రి ఇన్సర్ట్‌లన్నీ ఫెయిల్ అవుతాయి, అందుకే మూడు నెలల ముందువి క్రాన్‌లో (టైముకి పనులు నడిపే షెడ్యూలర్‌లో) పెట్టి తయారు చేయించండి. అలాగే ఆటోవ్యాక్యూమ్ పార్టిషన్లకి అనలైజ్ చేస్తుంది కానీ పైనున్న తల్లి టేబుల్‌కి చెయ్యదు, అది మీరే అప్పుడప్పుడూ నడపాలి.

పార్టిషన్ లేని టేబుల్లోంచి తియ్యక తప్పదంటే ఐదు వేలో పది వేలో చొప్పున, ప్రతి విడతకీ కమిట్ చేస్తూ, మధ్యలో కాస్త ఆగుతూ తియ్యండి. వ్యాక్యూమ్‌కి వెనకాలే ఊడ్చుకుంటూ రావడానికి సందు దొరుకుతుంది.

అదే రికార్డు పదేపదే మారే టేబుల్ వ్యవహారం వేరు. పార్సిల్ ఇప్పుడెక్కడుంది అనే ఒక్క కాలమ్ విజయవాడ హబ్, సూర్యాపేట, హైదరాబాద్ అంటూ రోజుకి పదిసార్లు మారుతుంది, దాని పక్కనే పంపినవాళ్ళ అడ్రసు, బరువు, రేటు, అలా ముప్ఫై కాలమ్‌లు ఏ మార్పూ లేకుండా ఉంటాయి. ఒక్క కాలమ్ మారినా రికార్డు మొత్తం కొత్తగా రాయాలి (టోస్ట్ అనే విడి నిల్వలోకి వెళ్ళిపోయిన పెద్ద పెద్ద టెక్స్ట్‌లు తప్ప). కాబట్టి మారేవాటిని సన్నటి టేబుల్‌గా విడగొట్టండి, పార్సిల్ నంబరు, స్థితి, టైము, చాలు.

ఆ సన్నటి టేబుల్‌కి ఇంకో కిటుకుంది. 2008లో 8.3తో హాట్ అనే పద్ధతి వచ్చింది: మారిన కాలమ్ మీద ఇండెక్స్ లేకపోతే, అదే 8 కేబీ పేజీలో చోటుంటే, కొత్త లైను అక్కడే రాసేసి ఇండెక్సులని కదపకుండా వదిలేస్తుంది. ఆ చెత్తని కూడా వ్యాక్యూమ్ కోసం ఆగకుండా, ఆ పేజీ ముట్టుకున్నప్పుడే చాలావరకు తీసేసుకుంటుంది. కానీ టేబుల్ ఫిల్‌ఫ్యాక్టర్ డిఫాల్ట్‌గా 100, అంటే పేజీలు నిండా కుక్కి ఉంటాయి, చోటెక్కడిది? 80కో 85కో తగ్గించండి. ఇప్పటికే ఉన్న పేజీలకి ఇది వర్తించదు, టేబుల్‌ని తిరగరాస్తేనే వాటికి పడుతుంది. పని చేస్తోందో లేదో పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్‌లో మొత్తం అప్‌డేట్‌ల పక్కన హాట్ అప్‌డేట్‌ల సంఖ్య చూస్తే తెలిసిపోతుంది. ఎవరో ఏదో రిపోర్టు కోసం ఆ టైము కాలమ్ మీద ఇండెక్స్ వేశారంటే అంతే సంగతులు, హాట్ మొత్తం ఆగిపోతుంది.

ఇండెక్సులంటే గుర్తొచ్చింది. ప్రతి స్లో క్వెరీకీ ఒక ఇండెక్స్ వేసుకుంటూ పోవడం మనకో జబ్బు. టేబుల్ 40 జీబీ, ఇండెక్సులు 70 జీబీ ఉన్న చోట్లు చూశాను. పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్‌లో స్కాన్ సంఖ్య సున్నా ఉన్నవి పట్టుకోండి, కానీ వెంటనే డ్రాప్ చెయ్యకండి: యూనిక్ కన్‌స్ట్రెయింట్ కోసం ఉన్నదేమో, రిపోర్టులు నడిచే రెప్లికాలో (కాపీ సర్వర్లో) వాడుతున్నారేమో చూడండి, అక్కడి లెక్క అక్కడే ఉంటుంది, అసలు సర్వర్‌కి రాదు. ఏడాదికోసారి నడిచే రిపోర్టుది కూడా కావచ్చు. ఉంచినవి బాగా ఉబ్బిపోతే రీఇండెక్స్ కన్‌కరెంట్‌లీ వాడండి, 12 నుంచి ఉంది, జనం పని ఆగదు. 13లో ఒకే విలువ మళ్ళీ మళ్ళీ వచ్చే ఇండెక్సులని కుదించి పెట్టడం మొదలుపెట్టారు, పాత వెర్షన్ నుంచి పీజీ అప్‌గ్రేడ్‌తో పైకొచ్చినవాళ్ళు ఒకసారి రీఇండెక్స్ చేస్తేనే ఆ లాభం దక్కుతుంది, ఇది చాలామంది మర్చిపోతారు. టైము వరసలో వచ్చి చేరే పెద్ద లాగ్ టేబుల్‌కి తేదీ మీద బీట్రీ (మామూలు ఇండెక్స్ రకం) బదులు బ్రిన్ అనే రకం వేసి చూడండి. అది 128 పేజీలకి ఒక్క చీటీ రాసుకుంటుంది కాబట్టి జీబీల్లో ఉండేది కేబీల్లోకి వస్తుంది. మధ్యలో అప్‌డేట్‌లు వచ్చి వరస చెదిరే టేబుల్‌కి మాత్రం అది దండగ.

డిస్క్ మీద పిసినారితనం చూపించాల్సిన చోటు ఇంకొకటి, కాలమ్‌ల వరస. ప్రతి రికార్డుకీ 24 బైట్ల హెడరు, 4 బైట్ల పాయింటరు తప్పవు, పది కోట్ల రికార్డులకి అదే 2.8 జీబీ. దానికి తోడు బూలియన్ (1 బైటు) పక్కన బిగ్‌ఇంట్ (8 బైట్లు) పెడితే మధ్యలో 7 బైట్లు ఖాళీగా పోతాయి, పది కోట్లకి 700 ఎంబీ గాలి. పెద్దవి ముందు, చిన్నవి తరవాత, టెక్స్ట్‌లు చివర. కొత్త టేబుల్ కట్టేటప్పుడు ఖర్చు లేని పని, ఉన్నదాన్ని దీనికోసమే తిరగరాయడం మాత్రం వద్దు.

ఇప్పటికే బాగా ఉబ్బిపోయిన టేబుల్‌కి పీజీ రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. పక్కన కొత్త కాపీ కట్టుకుంటూ, ఈలోపు జరిగిన మార్పులని ట్రిగ్గర్‌తో పట్టుకుని, చివర్లో ఒక్క క్షణం లాక్ వేసి మార్చేస్తుంది. ప్రైమరీ కీ గానీ, నల్ రాని కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ గానీ ఉండాలి, టేబుల్ ప్లస్ ఇండెక్సులకి రెట్టింపు చోటు చేతిలో ఉండాలి. డిస్క్ నిండాక గుర్తొచ్చి లాభం లేదు.

లాక్ అన్నాను కదా, దాని గురించి ఒక ముక్క. ఆల్టర్ టేబుల్‌కి పట్టేది ఒక్క మిల్లీసెకనే కావచ్చు, కానీ ముందు ఒక పెద్ద రిపోర్టు నడుస్తుంటే అది క్యూలో నిలబడుతుంది, దాని వెనక వచ్చిన ప్రతి చిన్న సెలెక్టూ దాని వెనకే నిలబడాలి. రేషన్ షాపు ముందు ఒకాయన అడ్డంగా నిలబడ్డట్టు సైట్ మొత్తం ఆగిపోతుంది. లాక్ టైమౌట్ రెండు సెకన్లు పెట్టి నడపండి, దొరక్కపోతే ఫెయిల్ అవుతుంది, మళ్ళీ ప్రయత్నించండి. కొత్త ఇండెక్స్ అయితే ఎప్పుడూ కన్‌కరెంట్‌లీతోనే. అది మధ్యలో ఫెయిలైతే ఇన్‌వ్యాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, క్వెరీలకి పనికిరాదు కానీ ప్రతి రాతకీ బరువే, వెతికి తీసెయ్యండి.

ఆటోవ్యాక్యూమ్ ఎందుకు ఆఫ్ చెయ్యకూడదో ఇప్పుడు. ట్రాన్సాక్షన్ నంబర్లు 32 బిట్లవి, గడియారంలా గుండ్రంగా తిరుగుతాయి. సుమారు 200 కోట్ల దూరం దాటితే పాతదేదో కొత్తదేదో పోల్చుకోలేదు, అందుకే వ్యాక్యూమ్ పాత రికార్డుల మీద ఇవి ఎప్పటికీ పాతవే అని ముద్ర కొడుతూ ఉంటుంది, దాన్నే ఫ్రీజ్ అంటారు. వయసు 20 కోట్లు దాటితే మీరు ఆటోవ్యాక్యూమ్ ఆఫ్ చేసినా సరే అది లేచి ఈ పని మొదలుపెడుతుంది. అదీ పూర్తికాక హద్దు దగ్గరపడితే డేటాబేస్ కొత్త రాతలని నిరాకరిస్తుంది. ఇది కథ కాదు, 2015లో ఎర్రర్లు పట్టిచ్చే సెంట్రీ సర్వీసుకీ, 2019లో మెయిల్‌చింప్ వాళ్ళ మెయిళ్ళు పంపే మ్యాండ్రిల్‌కీ ఇదే జరిగి సర్వీసు ఆగింది, ఏం జరిగిందో వాళ్ళే బయటపెట్టారు. పీజీ డేటాబేస్ టేబుల్లో డాట్‌ఫ్రోజెన్‌ఎక్స్ఐడీ (datfrozenxid, మధ్యలో అండర్‌స్కోర్ లేదు) వయసు చూసి, 50 కోట్లు దాటితే అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి.

చివరిది బ్యాకప్. చిన్న డేటాబేస్‌కి పీజీ డంప్ (డేటాని చదివి ఫైల్లోకి రాసే టూల్) చక్కగా సరిపోతుంది. వందల జీబీలకి మాత్రం వద్దంటాను, ఎందుకంటే అది గంటల తరబడి నడిచే ఒకే ట్రాన్సాక్షన్. పైన చెప్పిన టీకి వెళ్ళిన మనిషి లాంటిదే, మీరే క్రాన్‌లో పెట్టి రోజూ పిలుస్తున్నారన్నమాట. పీజీ బేస్‌బ్యాకప్‌తో సర్వర్ ఫైళ్ళ కాపీ తీసి, వాల్ ఫైళ్ళని వేరే చోటికి ఆర్కైవ్ చెయ్యండి, అప్పుడు నిన్న మధ్యాహ్నం 3:42కి ఎలా ఉందో అలా వెనక్కి తెచ్చుకోవచ్చు. 2024లో వచ్చిన 17తో మారిన బ్లాకులు మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ బ్యాకప్ కూడా వచ్చింది, రోజూ కొంతే మారే పెద్ద డేటాబేస్‌కి చాలా చోటు మిగులుతుంది.

2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్ డేటా ఫోల్డరే తుడిచేశాడు. బ్యాకప్ ఉందిలే అనుకుని చూస్తే, సర్వర్ 9.6, పీజీ డంప్ 9.2, వెర్షన్ కుదరక అది ఎప్పటి నుంచో ఫెయిల్ అవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్ళు కూడా చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. కాబట్టి బ్యాకప్ సక్సెస్ అన్న మెసేజ్‌ని నమ్మకండి. నెలకోసారి వేరే మెషీన్‌లో నిజంగా రిస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసి, అందులో చివరి పార్సిల్ ఎంట్రీ టైము ఎంతుందో చూడండి. మేం మొదటిసారి చేసినప్పుడు పదకొండు రోజుల కిందటిది కనబడింది.